వంటల సైట్‌లో స్టార్ రేటింగ్: ఎవరూ చూడని వంటలకి కూడా 4.16 ఎలా వస్తోంది?

పులస_కోడర్

నమస్కారం అండి అందరికీ. మా పిన్నికి ఒక వంటల సైట్ ఉంది, ఆవకాయ మాగాయ దగ్గర్నుంచి సున్నుండలు, పూతరేకులు, చేపల పులుసు దాకా ఓ 300 వంటలు ఉంటాయి, అంతా తెలుగులోనే. పాత కోర్ పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ 5.7, షేర్డ్ హోస్టింగ్. ఒక ఫ్రీలాన్సర్ చేసిచ్చాడు, ఆయన ఇప్పుడు ఫోన్ ఎత్తట్లేదు, "నువ్వు సాఫ్ట్‌వేరే కదరా" అని మొత్తం నా నెత్తిన పడింది. ఆఫీసులో నేను రాసేది జావా, పీహెచ్‌పీ చదివితే అర్థమవుద్ది గానీ చెయ్యి తిరగలేదు.

ప్రతి వంట కింద అయిదు స్టార్ బొమ్మలు ఉన్నాయి, ఒక్కోటీ ఒక లింకు. నొక్కితే వంట నంబరు, ఎన్ని స్టార్లో యూఆర్ఎల్‌లోనే పట్టుకుని రేట్ డాట్ పీహెచ్‌పీకి వెళ్లి సేవ్ చేసి మళ్లీ వంట పేజీకి వచ్చేస్తది. విడిగా టేబుల్ ఏం లేదు. వంటల టేబుల్లోనే రేటింగ్ అని ఒక ఫ్లోట్ కాలమ్, డీఫాల్ట్ సున్నా. పాత రేటింగ్‌కి కొత్త స్టార్లు కలిపి రెండుతో భాగించి మళ్లీ అక్కడే రాసేస్తున్నాడు. ఫీచర్ మొత్తం అంతే.

ఇప్పుడు వింతలు చూడండి. కొత్త వంట పెట్టి నేనే 5 కొడితే 2.5 పడింది. సరే ఇది అర్థమైంది, సున్నాతో కలిపి సగం చేశాడు. కానీ సైట్‌లో సగానికి పైగా వంటలకి కచ్చితంగా 4.03 గానీ 4.16 గానీ ఉంది, 4.1 కాదు 4.2 కాదు, ఎప్పుడూ ఆ రెండే, అందులో అనలిటిక్స్‌లో నెలల తరబడి మనిషన్నవాడు చూడని వంటలు కూడా ఉన్నాయి. పిన్నేమో "నా వంటలన్నీ జనాలకి సమానంగా నచ్చాయిరా" అని సంబరపడుతోంది. ఇంకోటి, టాప్ వంటల లిస్టులో మొదటి స్థానంలో కాకరకాయ పులుసు 4.84తో కూర్చుంది, గుత్తొంకాయ ఎక్కడో మూడో పేజీలో ఉంది.

మొత్తం మళ్లీ రాద్దామనుకుంటున్నా. టేబుల్ ఎలా పెట్టాలి, లాగిన్ లేకుండా ఒకడే పదిసార్లు కొట్టకుండా ఎలా ఆపాలి (ఐపీ అడ్రస్ చూస్తే సరిపోద్దా?), స్టార్లు ఫోన్లో బాగా నొక్కుడు పడేలా ఎలా చెయ్యాలి, పాత రేటింగులు ఏం చెయ్యాలి. జనం అందరూ వాట్సాప్ లింకు పట్టుకుని వచ్చే గృహిణులే, లాగిన్ అవ్వమంటే ఒక్కరు కూడా ఉండరు.

బిర్యానీ_బ్రాంచ్

బ్రో వర్డ్‌ప్రెస్‌కి మార్చి రేటింగ్ ప్లగిన్ వేసేయ్, అరగంట పని. ఈ రోజుల్లో ఎవడు రాస్తాడు ఇవన్నీ.

ఓరుగల్లు_డీబీఏ

300 వంటలు, వాటి ఫోటోలు, యూఆర్ఎల్స్ అన్నీ మార్చుడు అరగంట పనా అన్నా? పాత లింకులు వాట్సాప్ గ్రూపుల్ల తిరుగుతుంటయ్, అవి అన్నీ పోతయ్. ఉన్నదాన్లనే బాగు చేసుకునుడు నయం.

తమ్మీ, ముందుగాల ఆ భాగించుడు సంగతి. సున్నా ఒక్కటే కాదు తప్పు, ఆఖరుకు ఎవడు నొక్కిండో వానికి సగం బరువు పోతున్నది. నలుగురు వరసగా 5, 5, 5, 1 కొట్టిండ్రు అనుకో, నీ కోడ్ల 2.5, 3.75, 4.375 అయ్యి ఆఖరుకు 2.69 దగ్గర ఆగుతది. గదే నలుగురు 1, 5, 5, 5 అని కొడితే 4.44 వస్తది. ఓట్లు అవే, మనుషులు వాళ్లే, వరస మారితే అంత తేడా. అసలు సగటు రెండిట్ల 4. ఇంక కాకరకాయ పులుసు అంటవా, ఎవడో ఒక్కడే అయిదు సార్లు 5 కొట్టిండు, 2.5 నుంచి 3.75, 4.375, 4.69, 4.84. లెక్క సరిపోయిందా?

సగటును దాచుకోవద్దు, ఓటును దాచుకోవాలె. రేటింగులకు వేరే టేబుల్ పెట్టు, అండ్ల వంట ఐడీ, ఓటరు కీ (ఎవరు నొక్కిండో చెప్పే గుర్తు), స్టార్లు, ఎప్పుడు పెట్టిండు, ఎప్పుడు మార్చిండు, గంతే. వంట ఐడీ, ఓటరు కీ రెండు కలిపి ఒక యూనిక్ కీ కట్టు, వంట ఐడీ ముందు ఉండేటట్టు. అప్పుడు ఒక మనిషికి ఒక వంట మీద ఒకటే వరస ఉంటది, రెండోసారి నొక్కితే ఇన్సర్ట్ ఆన్ డూప్లికేట్ కీ అప్‌డేట్ తోని పాత ఓటు మారుతది, కొత్తది పుట్టది. ముందు సెలెక్ట్ కొట్టి ఉన్నదా లేదా చూసి తర్వాత ఇన్సర్ట్ చేసుడు మాత్రం పెట్టకు, నెట్ స్లోగ ఉన్నప్పుడు మనిషి రెండుసార్లు టప టప నొక్కితే రెండు రిక్వెస్టులు "లేదు" అనే చూస్తయ్. యూనిక్ కీ ఉంటే ఆ లొల్లి డేటాబేసే చూసుకుంటది. ఇంకో లాభం, ఆ క్వెరీ అయినంక అఫెక్టెడ్ రోస్ ఎన్నో చూడు, కొత్త ఓటు అయితే 1, పాతది మారితే 2, అదే స్టార్ మళ్లీ కొడితే 0 వస్తది (మారిన టైమ్ కాలమ్‌ను కూడా అదే క్వెరీల రాస్తే మాత్రం ఈ 0 రాదు, 2 వస్తది). దాన్ని బట్టి "ధన్యవాదాలు" అనాల్నా "మీ రేటింగ్ మార్చినం" అనాల్నా చెప్పొచ్చు.

ఓటరు కీని నల్ (ఖాళీ) పెట్టనియ్యకు, నాట్ నల్ అని గట్టిగ రాయి. యూనిక్ కీల నల్ ఉంటే మైఎస్‌క్యూఎల్ ఒక నల్‌ను ఇంకో నల్‌తోని సమానం అనుకోదు, లాగిన్ కానోళ్లకు నల్ పెట్టినవంటే ఎన్ని వరసలైనా పోతయ్, యూనిక్ కీ ఉండి కూడ లేనట్టే. ఇది చానా మంది దగ్గర చూసిన.

స్టార్లకు టైనీఇంట్ చాలు. 1 నుంచి 5 నడుమనే ఉండాలని చెక్ కన్‌స్ట్రెయింట్ రాస్తవేమో, 5.7ల అది రాయనిస్తది గని పట్టించుకోదు, ఎర్రర్ కూడ రాదు, 8.0.16 నుంచే నిజంగ అమలైతది. అందుకే పీహెచ్‌పీలనే చూసుకో. బ్రౌజర్ల ఐదే స్టార్లు కనపడుతున్నయ్ కదా అనుకుంటవ్, డెవ్ టూల్స్ తెరిచి 500 అని పంపుడు చిన్న పిల్లగానికి కూడ తెలుసు. పాత కోడ్ల వంట నంబరు నేరుగ క్వెరీల అతికిస్తున్నడేమో అది కూడ చూడు, ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ (విలువలను క్వెరీల కలపకుండ వేరుగ పంపే పద్ధతి) పెట్టు. 5.7కు సపోర్ట్ 2023 అక్టోబర్లనే అయిపోయింది, హోస్టింగోన్ని 8 అడుగు, కానీ ముందు ఇది కానియ్యి.

సగటు కోసం మళ్లా కాలమ్ అవసరం లేదు. 300 వంటలకు ఏవరేజ్, కౌంట్ అప్పటికప్పుడు తీసినా ఏం బరువు కాదు, ఆ యూనిక్ ఇండెక్సే పనికొస్తది. లక్షల ఓట్లు వచ్చిననాడు మొత్తం, కౌంట్ అని రెండు కాలమ్స్ పెట్టుకుందువు, అప్పుడు కూడ చదివి కూడి రాసుడు కాదు, అప్‌డేట్ క్వెరీలనే కూడాలె. ఓట్లు లేని వంటకు ఏవరేజ్ నల్ వస్తది, దాన్ని సున్నా చేసి చూపించకు. సున్నా స్టార్లు అంటే వంట పాడు అని అర్థం, "ఇంకా రేటింగ్ లేదు" అని రాయి.

ఆ 4.03, 4.16 ముచ్చట మాత్రం నాకు ఎక్కలే. ఎవరన్న చూడుండ్రి.

చాక్‌పీస్

ఆ రెండు అంకెలు చూడగానే కాగితం తీసుకున్నానండి. మీరే జవాబు చెప్పేశారు, స్టార్లు లింకులు అన్నారు కదా, పేజీలో ఎడం నుంచి కుడికి 1, 2, 3, 4, 5. లింకు అంటే ఎవరైనా తెరవొచ్చు, మనిషే అక్కర్లేదు. ఒక క్రాలర్ (వెబ్ పేజీల్ని తనంతట తనే తెరిచి చూసుకుంటూ పోయే ప్రోగ్రాం, బాట్ అన్నా అదే) మీ వంట పేజీకి వచ్చి అందులో ఉన్న లింకులన్నీ వరసగా తెరుచుకుంటూ పోయిందనుకోండి. సున్నా నుంచి మొదలు, 1 కొట్టింది, 0.5 అయ్యింది. 2 కొట్టింది, 1.25. 3 కొట్టింది, 2.125. 4కి 3.0625. 5కి 4.03125. మీకు రెండు దశాంశాలే కనిపిస్తాయి కాబట్టి 4.03.

అది కొన్నాళ్లకి మళ్లీ వస్తుంది, మళ్లీ అయిదూ నొక్కుతుంది, ఈసారి 4.157 దగ్గర ఆగుతుంది. మూడోసారి 4.161. ఆ తర్వాత ఎన్నిసార్లు తిరిగినా అక్కణ్ణుంచి కదలదు, ఎందుకంటే ఒక రౌండ్ అంటే పాత విలువని 32తో భాగించి 129/32 కలపడమే, అది నిలబడే చోటు 129/31, అంటే 4.161 చిల్లర. కాబట్టి 4.03 ఉన్న వంటల్ని బాట్ ఒక్కసారే చూసింది, 4.16 ఉన్నవాటిని అంతకంటే ఎక్కువసార్లు చూసింది, ఆ అంకెల్లో మనుషుల ఓట్ల జాడే లేదు. కుడి నుంచి ఎడమకి నొక్కి ఉంటే అన్నీ 1.78 గానీ 1.84 గానీ అయ్యేవి, పిన్నిగారు ఈపాటికి మీ ఇంటికొచ్చి కూర్చునేవారు.

లాగ్ ఒకసారి చూడండి, పక్కాగా ఉంటుంది.

గెట్ రిక్వెస్ట్ అనేది చూడ్డానికే, దానివల్ల సర్వర్లో ఏదీ మారకూడదు అన్నది హెచ్‌టీటీపీ మొదట్నుంచీ చెప్తున్న మాట. 2005లో గూగుల్ వెబ్ యాక్సిలరేటర్ అని ఒకటి వచ్చింది, పేజీలు తొందరగా తెరుచుకోవాలని అందులో ఉన్న లింకుల్ని మనం నొక్కకముందే తెచ్చి పెట్టుకునేది. డిలీట్ బటన్లని మామూలు లింకులుగా పెట్టిన వెబ్ అప్లికేషన్లలో జనాల డేటా అలా ఎగిరిపోయి పెద్ద గొడవ అయ్యింది. మీకు పోయింది పిన్నిగారి రేటింగులే. స్టార్లని ఫారమ్ చేసి పోస్ట్‌తో (సర్వర్లో ఏదైనా మార్చడానికి వాడే రిక్వెస్ట్) పంపండి, రోబోట్స్ ఫైల్లో (ఎక్కడికి రావద్దో బాట్లకి చెప్పే ఫైలు) ఆ పేజీని అడ్డుకుంటే చాలదా అని అడక్కండి, దాన్ని లెక్కచెయ్యని బాట్లు బోలెడు.

పులస_కోడర్

చాక్‌పీస్ గారూ మీకు దండం అండి. సీప్యానెల్‌లో (హోస్టింగ్ వాళ్ల కంట్రోల్ ప్యానెల్) రా యాక్సెస్ లాగ్ దింపి చూశా. ఏదో ఎస్ఈఓ టూల్ తాలూకు బాట్, ప్రతి వంటకీ స్టార్స్ ఈక్వల్స్ 1, 2, 3, 4, 5 అని అయిదు లైన్లు, ఒకదాని కింద ఒకటి, క్షణాల తేడాలో. రాత్రి రెండింటికి మాగాయ పచ్చడికి అయిదు రకాల అభిప్రాయాలు చెప్పి పోయింది.

పోస్ట్‌కి మార్చేస్తా. ఇంక లాగిన్ లేకుండా ఓటరు కీ ఎక్కణ్ణుంచి తేవాలి? ఐపీ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఇరానీ_చాయ్_డెవ్

ఐపీ వద్దే వద్దు. మొబైల్ నెట్‌వర్క్‌ల్లో సీజీనాట్ ఉంటుంది, అంటే ఒకే పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్ వెనక వేరే వేరే ఇళ్లలో చాలామంది ఉంటారు. ఎక్కడో ఒకావిడ మీ పులిహోరకి 4 కొట్టగానే అదే ఐపీలో ఉన్న ఇంకొకావిడకి "మీరు ఇప్పటికే రేటింగ్ ఇచ్చారు" అని వస్తే ఆవిడ సైట్ మూసేసి పోతుంది. పోనీ అటు నుంచి చూసినా వైఫై ఆపి డేటా ఆన్ చేస్తే ఐపీ మారిపోతుంది, కాబట్టి దొంగకి అడ్డం లేదు, మంచోడికే అడ్డం. ఒకే ఐపీ నుంచి గంటలో మరీ వందల ఓట్లు పడితే కాసేపు ఆపడానికి మాత్రం వాడుకో, అంతవరకే.

ఓటరు కీకి కుకీ పెట్టు. మొదటిసారి వచ్చినప్పుడు ర్యాండమ్ బైట్స్‌తో పొడుగాటి టోకెన్ ఒకటి తయారుచేసి కుకీగా ఇచ్చేయ్, ఆ టోకెనే ఓటరు కీ. దాన్ని జావాస్క్రిప్ట్‌లో పెట్టకు, పీహెచ్‌పీ నుంచే పంపు, ఎందుకంటే సఫారీ జావాస్క్రిప్ట్‌తో పెట్టిన కుకీలని ఏడు రోజులకి తీసేస్తుంది, ఐఫోన్ వాళ్లు వారం తర్వాత కొత్త మనుషులైపోతారు. గడువు ఎంత పెట్టినా క్రోమ్ 400 రోజులకే పరిమితం చేస్తుంది, అది చాలు. హెచ్‌టీటీపీ ఓన్లీ, సెక్యూర్, సేమ్‌సైట్ లాక్స్ (కుకీ భద్రత సెట్టింగులు) మూడూ పెట్టు, పీహెచ్‌పీ 7.3 అయినా ఉంటే సెట్‌కుకీలో సేమ్‌సైట్ నేరుగా ఇవ్వొచ్చు. రేపు లాగిన్ పెడితే యూజర్ ఐడీ ముందు "యూ" అని తగిలించి అదే కాలమ్‌లో వేసుకో.

కుకీ చెరిపేసి మళ్లీ కొడతాడుగా అంటావా, కొడతాడు. ఇదేం ఎన్నికల కమిషన్ కాదు, సాంబారుకి పది దొంగ ఓట్లు పడ్డా కొంపలేం మునగవ్.

అసలు నన్నడిగితే స్టార్లే వద్దంటా. యూట్యూబ్ వాళ్లు 2009లోనే చూసుకున్నారు, జనం కొడితే 5 కొడతారు లేకపోతే 1, మధ్యలో ఉన్నవి ఎవరూ ముట్టుకోరు. 2010లో స్టార్లు తీసి లైక్, డిస్‌లైక్ పెట్టేశారు. నెట్‌ఫ్లిక్స్ కూడా 2017లో స్టార్లు తీసి బొటనవేలు పెట్టింది. "బాగుంది", "బాలేదు" అని రెండు బటన్లు పెట్టు, గృహిణులకి అదే సులువు. ఒకావిడ 3 కొట్టిందంటే బాగుందనా బాలేదనా, ఎవడికి తెలుసు?

ఓరుగల్లు_డీబీఏ

చాయ్ అన్నా, సిన్మాకు, వంటకు తేడా లేదా? నెట్‌ఫ్లిక్స్‌ల వేలు గుర్తు నీకేం నచ్చుతదో వానికి తెలుసుకునేటందుకు, ఈడ స్టార్లు పక్కింటోళ్లకు చెప్పేటందుకు. రెండోది, గూగుల్ల వంట వెతికితే రిజల్ట్ కింద పసుపు స్టార్లు కనపడుతయ్ సూడు, అది స్కీమా డాట్ ఆర్గ్ (పేజీల ఏమున్నదో సెర్చ్ ఇంజన్లకు చెప్పే మార్కప్) తరీకల అగ్రిగేట్ రేటింగ్ అని పేజీల రాస్తేనే వచ్చే అవకాశం ఉంటది, సగటెంత, ఎంత మంది ఇచ్చిండ్రు, రెండు చెప్పాలె. వంటలకు అది నడుస్తది. దుకాణం తన గురించి తనే తన సైట్‌ల పెట్టుకునే స్టార్లను మాత్రం గూగుల్ 2019ల ఆపేసింది, "మా సైట్‌కు 4.9" అని హోమ్ పేజీల రాసుకుంటే ఏం రాదు. పేజీల కంటికి కనపడని రేటింగును మార్కప్‌ల రాసుడు కూడ తప్పే. ఇప్పుడున్న 4.16లను గట్ల పెట్టకు తమ్మీ, బాట్ ఓట్లను తిరిగి బాట్‌కే చూపించినట్టయితది.

సీఎస్ఎస్_అక్క

స్టార్లు ఉంచండి, కానీ ఆ బొమ్మలు తీసేయండి. నాకు తెలిసి ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే, అయిదు డివ్‌లు పెట్టి హోవర్‌కి రంగు మార్చి క్లిక్ పెట్టేస్తారు, ఫోన్లో హోవర్ అన్నదే లేదు, కీబోర్డుతో అక్కడికి వెళ్లలేం, టాక్‌బ్యాక్ (ఆండ్రాయిడ్ ఫోన్లో స్క్రీన్ చదివి వినిపించేది) వాడే చూపులేని వాళ్లకి అక్కడ ఏదో ఉందనే తెలియదు. వంట చేసేవాళ్లలో వాళ్లు లేరా?

అయిదు రేడియో బటన్లు పెట్టండి తమ్ముడూ. ఫీల్డ్‌సెట్, దాని లెజెండ్‌లో "ఈ వంటకి మీ రేటింగ్", ఒక్కో రేడియోకి లేబుల్ "1 స్టార్", "2 స్టార్లు" అలా తెలుగులోనే, పేజీకి లాంగ్ తెలుగు అని ఉంటే ఫోన్ దాన్ని తెలుగు గొంతుతో చదువుతుంది. రేడియోని డిస్‌ప్లే నన్‌తో దాచకండి, అలా చేస్తే కీబోర్డుకీ టాక్‌బ్యాక్‌కీ కూడా మాయమైపోతుంది, కంటికి మాత్రమే కనపడకుండా చేసి లేబుల్లో ఎస్‌వీజీ స్టార్ పెట్టండి.

ఇప్పుడు మూడో స్టార్ ఎంచుకుంటే ఒకటీ రెండూ కూడా వెలగాలి కదా. సీఎస్ఎస్‌లో ముందునుంచీ ఉన్న చిక్కు ఏంటంటే తర్వాత వచ్చే తోబుట్టువుల్ని పట్టుకోగలం, ముందున్నవాటిని పట్టుకోలేం. అందుకని నెట్‌లో దొరికే కోడ్ అంతా 5 నుంచి 1కి తిరగేసి రాసి రో రివర్స్‌తో చూపిస్తుంది. చూడ్డానికి బాగుంటుంది, బాణం కీ నొక్కితే మాత్రం ఉల్టా పోతుంది. ఇప్పుడు ఆ అవసరం లేదు, హ్యాజ్ సెలెక్టర్ (తర్వాత ఏముందో చూసి ముందున్నదాన్ని పట్టుకోగలిగేది) వచ్చింది, ఫైర్‌ఫాక్స్ కూడా 2023 డిసెంబర్లో 121తో ఇచ్చేసింది, వరస మార్చకుండానే ముందు స్టార్లు వెలిగించొచ్చు. బాగా పాత ఫోన్లలో వెలగకపోయినా రేడియో పనిచేస్తుంది, ఓటు పోదు.

నొక్కే చోటు 44 పిక్సెల్స్‌కి తగ్గించకండి. డబ్ల్యూసీఏజీ 2.2లో (అందరూ వాడగలిగేలా సైట్లు ఎలా ఉండాలో చెప్పే ప్రమాణం) కనీసం 24 అంటుంది, కానీ పిండి అంటిన వేలుతో నొక్కేవాళ్లకి 24 ఏం సరిపోతుంది. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద లేత పసుపు స్టార్ పెట్టకండి, ఎండలో అస్సలు కనపడదు, చుట్టూ ముదురు గీత పెట్టండి.

సగటు చూపించే స్టార్లు వేరు, ఓటేసే స్టార్లు వేరు, రెండూ ఒకే చోట పెట్టి జనాన్ని తికమక పెట్టకండి. పైన టైటిల్ కింద సగటు. ఖాళీ స్టార్ల వరస మీద నిండు స్టార్ల వరస వేసి దాని వెడల్పు శాతంలో కోసేస్తే సరి, 4.3 అంటే 86 శాతం. పక్కన అంకె, ఎంతమందో రాయాలి. ఓటేసేది వంట అంతా చదివాక అడుగున, అదీ నేరుగా కాదు, ముందు "ఈ వంట చేశారా?" అని అడిగి "చేశాను" అంటే అప్పుడు స్టార్లు తెరవండి. ఒక సైట్లో కామెంట్ చదివాను, "గోంగూర దొరకలేదు, పాలకూర వేశాను, పులుపు లేదు" అని 1 స్టార్ ఇచ్చింది ఆవిడ. ఈ ప్రశ్న పెట్టినా ఆవిడ్ని ఆపలేం అనుకోండి, కానీ ఫోటో చూసి కొట్టేవాళ్లు తగ్గుతారు.

పులస_కోడర్

అక్కా సూపర్. ఈ "చేశారా" అన్నది పిన్నికి తెగ నచ్చేసింది.

ఇంకో రెండు ఉన్నాయండి. టేబుల్ మార్చాక టాప్ వంటల లిస్టు ఏవరేజ్‌తో సార్ట్ చేస్తే ఒక్క 5 పడ్డ వంట పైకొచ్చేస్తది, 200 మంది 4.7 ఇచ్చిన గుత్తొంకాయ కిందకెళ్లిపోద్ది, దానికేం చెయ్యాలి. రెండోది, పాతవి. పిన్ని పచ్చళ్లు కూడా అమ్ముతుంది అదే సైట్లో, అక్కడ 1 స్టార్లు వస్తే తీసేయమంటోంది, వంటల పాత రేటింగులు మాత్రం ఒక్కటి కూడా తీయొద్దంటోంది :)

చాక్‌పీస్

సార్టింగ్‌కి వేరే అంకె వాడాలండి, చూపించే సగటుతో సార్ట్ చెయ్యకూడదు. ప్రతి వంటకీ మొదట్లోనే కొన్ని ఉత్తుత్తి ఓట్లు సైట్ మొత్తం సగటులో పడ్డాయని అనుకుంటాం. సైట్ సగటు 4.2, ఉత్తుత్తి ఓట్లు 10 అనుకోండి. ఒక్క 5 వచ్చిన వంటకి 42కి 5 కలిపి 11తో భాగిస్తే 4.27. గుత్తొంకాయకి 200 ఓట్లు, సగటు 4.7, అంటే 42కి 940 కలిపి 210తో భాగిస్తే 4.68. గుత్తొంకాయ పైకొచ్చింది. ఓట్లు పెరిగేకొద్దీ ఆ 10 లెక్కలోకి రాకుండా పోతాయి, తక్కువున్నప్పుడు మాత్రం వంటని సగటు దగ్గరే పట్టుకుంటాయి. దీన్ని బేసియన్ ఏవరేజ్ అంటారు, ఐఎండీబీ టాప్ 250కి బయటపెట్టిన సూత్రం కూడా ఇదే తరహా, వాళ్లు అక్కడ 25,000 ఓట్లు పెట్టుకున్నారు. మీకు 10తో మొదలుపెట్టి లిస్టు చూసి పిన్నిగారు మొహం చిట్లిస్తే 20 చెయ్యండి, దీనికి ఒకటే సరైన అంకె అంటూ ఉండదు. మొత్తం ఒకే క్వెరీలో ఆర్డర్ బైలో రాసేయొచ్చు.

విల్సన్ స్కోర్ అని ఇంకోటి కనిపిస్తుంది వెతికితే, అది రెండు గుర్తుల ఓటింగ్‌కి, అవును కాదు అనేవాటికి బాగుంటుంది, రెడిట్ కామెంట్లకి 2009లో పెట్టింది. చాయ్ గారి బొటనవేలు పెట్టుకుంటే అది వాడండి, స్టార్లకి వద్దు.

ఇరానీ_చాయ్_డెవ్

నేను ఓడిపోయాన్లే, స్టార్లే పెట్టుకోండి 😀 కానీ పచ్చళ్ల పేజీ గురించి ఒక మాట. అమ్మే సరుకుకి వచ్చిన 1 స్టార్లు మాత్రమే తీసేయడం కుదరదు బాస్. ఆన్‌లైన్ రివ్యూల మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) 2022 నవంబర్లో ఐఎస్ 19000:2022 అని ఒక ప్రమాణం తెచ్చింది, రివ్యూలు ఎలా తీసుకోవాలి, ఎలా వడకట్టాలి, ఎలా ప్రచురించాలి అన్నీ ఉంటాయి అందులో. స్వచ్ఛందంగానే తెచ్చారు, కానీ తిట్టినవి దాచి పొగిడినవే చూపిస్తే కొనేవాణ్ణి మోసం చేసినట్టే కదా. బూతులుంటే తియ్, లేకపోతే ఉంచి కింద పిన్నిగారి చేత జవాబు రాయించు. "ఈసారి ఉప్పు తగ్గించి పంపుతాం" అని ఒక లైను చాలు. పచ్చళ్లకి మాత్రం కుకీ ఓటరు వద్దు, ఆర్డర్ నంబరు ఉన్నవాళ్లకే రేటింగ్ తెరువు, అక్కడ డబ్బులున్నాయి కాబట్టి పోటీవాడు కూడా వస్తాడు.

ఓరుగల్లు_డీబీఏ

పాతవాటి ముచ్చట నేను చెప్త. ఇప్పుడున్న ఫ్లోట్ కాలమ్‌ల నుంచి ఓట్లను తిరిగి తీసుడు కాదు, అండ్ల ఎంతమంది అన్నదే లేదు. కానీ నీ అదృష్టం ఏందంటే ఆయన గెట్ పెట్టుడు వల్ల ప్రతి ఓటు యాక్సెస్ లాగ్‌ల పడ్డది. పోస్ట్ పెట్టి ఉంటే ఎన్ని స్టార్లన్నది లాగ్‌ల ఉండకపోవు. సీప్యానెల్‌ల పాత నెలల లాగులు ఆర్కైవ్ అయితున్నయా చూడు, ఉన్నయంత దింపు. రేట్ డాట్ పీహెచ్‌పీ లైన్లు వడకట్టి, యూజర్ ఏజెంట్‌ల (బ్రౌజరో బాటో తన పేరు చెప్పుకునే లైను) బాట్ అని ఉన్నవి తీసెయ్, బాట్ అని చెప్పుకోకున్నా ఒకే వంటకు 1 నుంచి 5 వరసగ కొట్టినవి తీసెయ్. మిగిలిన వాట్ల ఐపీ, యూజర్ ఏజెంట్ కలిపి హ్యాష్ చేసి ముంగట "లాగ్" అని పెట్టి ఓటరు కీ చేసుకో, ఒక్కొక్కరిది ఆఖరు ఓటు ఒక్కటే ఉంచు. పాతవాటికి ఐపీ పనికొస్తదా అంటవ్, మంచిగైతే రాదు, గని ఉన్నది గదొక్కటే. కాకరకాయ పులుసుకు అయిదు సార్లు కొట్టినోడు అప్పుడు ఒక్కడే అయితడు.

పులస_కోడర్

ఆర్కైవ్ ఉందండి, కొన్ని నెలలది. వడకడితే మనుషుల ఓట్లు చాలా తక్కువ తేలాయి, గుత్తొంకాయ, పూతరేకులు, చేపల పులుసు వీటికి గట్టిగానే ఉన్నాయి, 300లో ఎక్కువ వాటికి ఏమీ లేదు. పిన్నికి లాగ్ చూపించి చెప్పా. కాసేపు మాట్లాడలేదు, తర్వాత "అయితే పూతరేకులవి నిజమైనవేగా" అంది. మిగతావాటికి ఇంకా రేటింగ్ లేదు అని పెట్టడానికి ఒప్పుకుంది. తన వంటలకి తను 5 కొట్టుకోవచ్చా అని అడుగుతోంది, ఆపాలా?

సీఎస్ఎస్_అక్క

కొట్టుకోనివ్వండి పాపం, ఒక్క ఓటేగా. పచ్చళ్లకి మాత్రం వద్దు.

ఓరుగల్లు_డీబీఏ

ఆపు తమ్మీ, అడ్మిన్ లాగిన్ ఉంది కదా, ఆ సెషన్ల ఉంటే స్టార్లు చూపించకు, ఒక ఇఫ్ గంతే. ఆమెకు ఫోన్ల వేరే బ్రౌజర్ తెలిస్తే అది ఆమె తెలివి. ఇంకోటి, పాత రేటింగ్ కాలమ్‌ను ఇప్పుడే డ్రాప్ చెయ్యకు, పేరు మార్చి పక్కన పెట్టు, దాన్ని వాడే పేజీ ఇంకేదన్న ఉంటే ఎర్రర్ వచ్చి దొరుకుతది. రేట్ డాట్ పీహెచ్‌పీని కూడ తీసెయ్యకు, గెట్‌తోని వస్తే 405 (ఈ పద్ధతి ఈడ నడవదు అనే జవాబు) పంపేటట్టు చెయ్యి, ఆ బాట్ దగ్గర పాత లింకులు ఉన్నయ్, మళ్ల వస్తది. ఆల్టర్ కొట్టే (టేబుల్ మార్చే) ముందు మాత్రం డంప్ (డేటాబేస్ మొత్తం కాపీ) తీసుకో.